కలివి పండును మందని చెప్పి అమ్మొద్దు



ఈ వారం వీడియోలో మా చేని పడమటి గెనెం మీదున్న వాక్కాయ కంచె చూపించాను. కాయ గులాబీ రంగు నుంచి నలుపుకు తిరుగుతున్న రోజులివి. వీడియో చూసినోళ్ళు చాలామంది ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, కంచె బాగుంది గానీ, మూడేళ్ళ కిందట ఇదే పండు మీద నువ్వు చేసిన వీడియో ఏమైంది? ఎంత వెతికినా కనపడటం లేదే" అని. దాన్ని నేనే తీసేశాను. ఎందుకు తీసేశానో కెమెరా ముందు చెప్తే సగం మంది మధ్యలోనే దాటేసి పోతారని ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆ పాత వీడియో పేరు "షుగర్‌ను తరిమికొట్టే అడవి పండు". ఆ పేరు నేనే పెట్టాను. మా చానల్లో అన్నిటికన్నా ఎక్కువమంది చూసింది అదే. ఎండాకాలం ఆచ్ఛాదన గురించి, విత్తనశుద్ధి గురించి గొంతు పోయేటట్టు చెప్పినా రాని వ్యూస్ దానికి వారంలో వచ్చాయి. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఎక్కడో చదివిందీ, వాట్సాప్‌లో ఎవరో పంపిందీ, మా జేజి చెప్పిందీ మూడూ కలిపి ఒక ఊపులో చెప్పేశాను. అంతే.

ఒకరోజు పొద్దున్నే, పాలు పితికి ఇంకా చేతులు కూడా కడుక్కోలేదు, మార్కాపురం వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "సార్, మీ వీడియో చూసి మా నాయన షుగర్ మాత్రలు ఆపేసినాడు. రోజూ పొద్దున వాక్కాయ రసం తాగుతా ఉన్నాడు. నెలన్నరకు కళ్ళు తిరిగి కయ్యలో పడిపోయినాడు. చూపిస్తే షుగర్ నాలుగు వందలు దాటింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో పెట్టి తెచ్చుకున్నాం" అన్నాడు. నన్ను తిడతాడనుకున్నా. తిట్టలేదు. తిట్టుంటేనే బాగుండేది. "మీరేమీ అనుకోవద్దు సార్, మాత్రలు ఆపొద్దని ఒక్క మాట ఆ వీడియోలో కలపండి" అన్నాడు. ఫోన్ పెట్టేసినాక చాలాసేపు పాల చెంబు పక్కనే కూర్చున్నా.

ఆ పెద్దాయన కోలుకున్నాడు. అది నా అదృష్టం, నా గొప్ప కాదు. అప్పట్నుంచి ఈ పండు గురించి తెలిసినోళ్ళను అడిగీ, చదివీ, నేనే పెంచీ తెలుసుకున్నది చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: కలివి, వాక్కాయ చాలా మంచి తిండి. ఆ మాట మీద నిలబడతాను. మందు అని చెప్పి అమ్మడం మాత్రం మనం, ముఖ్యంగా ప్రకృతి వ్యవసాయం చేస్తున్నామని చెప్పుకునే మనం, మానెయ్యాలి.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. కంచెల్లో పెద్దగా పెరిగి, చింతపండు బదులు పప్పులో వేసుకునేది వాక్కాయ. శాస్త్రం పేరు కరిస్సా కరండాస్. గుట్టల మీద, రాళ్ళ నేలల్లో పొట్టిగా గుబురుగా పెరిగి, బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దగా నల్లటి తియ్యటి పండ్లు కాసేది కలివి. అది కరిస్సా స్పైనారమ్. తెలంగాణలో దీన్నే కలెపండ్లు అంటారు. రెండూ అక్కచెల్లెళ్ళ లాంటివి. ముల్లూ, తెల్ల పువ్వూ, తెంపితే కారే పాలూ రెంటికీ ఒకటే. మా కడప జిల్లా వాళ్ళకు కలివి అంటే ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. 1986లో లంకమల అడవి అంచున మళ్ళీ కనిపించిన కలివికోడి. అంతకుముందు 80 ఏళ్ళకు పైగా ఎవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. ఈ పొదల మధ్య తిరుగుతుందని దానికా పేరు. ఒక పక్షికి పేరిచ్చిన పొద ఇది. మనం మాత్రం జేసీబీ పెట్టి చదును చేసి "పనికిరాని ముళ్ళకంప" అంటున్నాం.

నా చిన్నప్పుడు తొలకరి పడ్డాక గొర్రెల వెంట గుట్టకు పోయేవాళ్ళం. కలివి పండ్లు కోస్తే వేళ్ళకు పాలంటి బంకబంకగా అయ్యేవి. సరిగ్గా మాగనివి తింటే పెదాలు అతుక్కునేవి. నాలుక ఊదా రంగులోకి మారేది. ఎవరి నాలుక ఎక్కువ నల్లగా ఉంటే వాడు ఎక్కువ తిన్నట్టు లెక్క. మా జేజి కోసం మోదుగాకు దొన్నెలో పట్టుకొస్తే, ముందు నాలుగు తిని, మిగతావి పెరుగన్నంలో పెట్టుకునేది. "ఈ కాలంలో ఇవి తింటే నెత్తురు బాగుంటాది" అనేది. ఆమె ఎన్నడూ రోగం తగ్గుతుందని అనలేదు. ఆ మాట నేను కలిపాను.

సరే, ఆ నలుపు సంగతికొద్దాం. అసలు విషయమంతా ఆ రంగులోనే ఉంది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ, తర్వాత గులాబీ, మాగితే నల్లటి ఊదా. ఆ ఊదాను ఇచ్చేవి ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు. నేరేడు పండు, నల్లద్రాక్ష, వంకాయ తొక్క, విదేశీ బ్లూబెర్రీ, అన్నిట్లోనూ ఉండేది ఈ కుటుంబమే. చెట్టు వాటిని మన ఆరోగ్యం కోసం తయారు చెయ్యదండీ. ఎండ దెబ్బ నుంచి కాయను కాపాడుకోవడానికీ, "పండింది రా, తిని గింజ దూరంగా వెయ్యి" అని పిగిలిపిట్టను పిలవడానికీ తయారు చేస్తుంది. మనం మధ్యలో దూరిన చుట్టాలం.

ఇంట్లో పిల్లలతో ఒక పని చేయించండి. బాగా మాగిన పండ్లు నాలుగు నలిపి రసం నీళ్ళలో కలపండి. ఒక గ్లాసులో నిమ్మరసం పిండితే ఎర్రగా మెరుస్తుంది. ఇంకో గ్లాసులో చిటికెడు వంటసోడా వేస్తే ఎరుపు పోయి నీలం వైపు, ఎక్కువైతే పచ్చదనం వైపు తిరుగుతుంది. నిజమైన పండు రంగు పులుపుకూ సోడాకూ ఇట్లా మారుతుంది. ఈ పరీక్ష గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

యాంటీఆక్సిడెంట్ అంటే ఏంది? వంకాయ కోసి గాలికి వదిలేస్తే ముక్క నల్లబడుతుంది. గాలిలోని ఆక్సిజన్ చేసే పని అది. నిమ్మరసం పిండిన నీళ్ళలో వేస్తే అంత త్వరగా నల్లబడదు. మన ఒంట్లో కూడా తిన్నది అరిగి శక్తి అయ్యేటప్పుడు, పొగకూ ఎండకూ గురైనప్పుడు, ఫ్రీ రాడికల్స్ అనే దుడుకు పదార్థాలు పుడతాయి. అవి పక్కనున్న వాటిని దెబ్బతీస్తాయి. వాటి దుడుకు తగ్గించేవాటిని యాంటీఆక్సిడెంట్లు అంటారు. కొన్ని మన ఒళ్ళే తయారు చేసుకుంటుంది, కొన్ని తిండి నుంచి వస్తాయి. విటమిన్ సి ఒకటి, ఈ ఊదా రంగులు ఇంకొకటి.

ఇక్కడిదాకా ఎవరికీ తగువు లేదు. తగువంతా దీని తర్వాత. ప్రయోగశాలలో ఈ గుణాన్ని కొలవడానికి డీపీపీహెచ్ అనే ఊదా రంగు ద్రావణం వాడతారు. అందులో పండు సారం కలిపితే ఊదా పోయి పసుపు రంగుకొస్తుంది. ఎంత తక్కువ సారంతో పసుపైతే అంత బలమైన యాంటీఆక్సిడెంట్ అన్నట్టు. వాక్కాయ, కలివి ఈ పరీక్షలో బాగానే నెగ్గుతాయి. కానీ అది గాజుగొట్టంలో జరిగిన కథ. మన కడుపు గాజుగొట్టం కాదు. ఆంథోసయనిన్లలో ఉన్నవి ఉన్నట్టుగా నెత్తురులోకి చేరేది కొంచెమే. మిగతావి పేగుల్లో సూక్ష్మజీవుల చేతిలో పడి వేరే పదార్థాలుగా మారతాయి. ఆ మారినవి మేలు చేస్తాయా, ఎంత చేస్తాయన్నది ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు.

అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు ఒకప్పుడు ఏ ఆహారంలో ఎంత యాంటీఆక్సిడెంట్ శక్తి ఉందో ఓరాక్ అనే లెక్కతో పెద్ద పట్టిక పెట్టారు. కంపెనీలన్నీ ఆ అంకెల్ని డబ్బాల మీద అచ్చేసుకుని అమ్ముకోవడం మొదలుపెట్టాయి. గాజుగొట్టంలో వచ్చిన అంకె ఒంట్లో జరిగేదాన్ని చెప్పదంటూ 2012లో వాళ్ళే ఆ పట్టికను తీసేశారు. మనోళ్ళు ఇంకా ఆ అంకెలు పట్టుకుని వీడియోలు చేస్తున్నారు. నేనూ చేశాను కదా, అందుకే చెప్తున్నా.

ఇంకొక సంగతి వింటే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్ళు 29,000 మందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద పరీక్షలో కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చారు. అది కూడా యాంటీఆక్సిడెంటే, క్యారెట్‌లో ఉండేది. క్యాన్సర్ తగ్గుతుందేమోనని చూశారు. 1994లో ఫలితం బయటికొస్తే, మాత్ర మింగినోళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. క్యారెట్ కూర తింటే క్యాన్సర్ వస్తుందని కాదు దీని అర్థం. తిండిలో ఉన్న మేలును పిండి, ఎండబెట్టి, డబ్బాకెక్కిస్తే అదే మేలు వస్తుందని నమ్మకం లేదని అర్థం. వాక్కాయ పొడి, కలివి క్యాప్సూల్ పెడదామని అడిగే కుర్రాళ్ళకు నేను చెప్పేది ఇదే.

మరి ఈ పండు ఎందుకు తినాలి? చెప్తా. విటమిన్ సి ఉంది. మన పప్పులో, ఆకుకూరలో, రాగుల్లో ఉన్న ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. పక్కన విటమిన్ సి ఉన్న పులుపు ఉంటే బాగా పడుతుంది. కాబట్టి వాక్కాయ పప్పు అనేది మన పెద్దోళ్ళు కనిపెట్టిన మంచి జోడీ. నెత్తురు బాగుంటుందన్న మా జేజి మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. పెక్టిన్ అనే జిగురు పీచు ఉంది, అందుకే దీంతో జామ్ చేస్తే ఇట్టే గట్టిపడుతుంది. వీటన్నిటికీ మించి, పండ్లూ కూరగాయలూ రకరకాలుగా, రంగురంగులుగా తినేవాళ్ళ గుండె మెరుగ్గా ఉంటుందని చాలా దేశాల్లో చాలా ఏళ్ళు చూసి తేల్చిన మాట. ఆ రంగుల్లో మన గుట్ట మీది నలుపు కూడా ఒకటి.

వాక్కాయలో ఇనుము 39 మిల్లీగ్రాములని మీకూ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. ఆ అంకె గాల్లోంచి పుట్టింది కాదు. కానీ అది వంద గ్రాముల ఎండబెట్టిన పండుకు చెప్పిన లెక్క. పచ్చి పండులో నూటికి తొంభై వంతులు నీళ్ళే. ఎండు లెక్కను పచ్చి పండుకు అంటగడితే ఏమవుతుందో, ఎండుమిరప ధరకు పచ్చిమిరప అడిగిన మారుబేరగాణ్ణి చూసిన మీకు నేను చెప్పక్కర్లేదు. నెత్తురు తక్కువున్న ఆడపిల్లకు డాక్టరిచ్చిన ఐరన్ మాత్ర మాన్పించి వాక్కాయ పెట్టొద్దు. మాత్రతో పాటు పెట్టండి.

ఇంక షుగర్ సంగతి. నేను చేసిన తప్పుకు మూలం అక్కడే ఉంది. పరీక్షలు జరిగిన మాట నిజం. ఎలుకల మీద జరిగాయి. పచ్చి కాయల నుంచి మెథనాల్ అనే ద్రావకంతో సారం తీసి, షుగర్ తెప్పించిన ఎలుకలకు పట్టించి, తగ్గిందని చూశారు. మనం తాగే రసం ఆ సారం కాదు, మనం ఎలుకలమూ కాదు. ఆ పరిశోధన చేసినోళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళు ఎలుకల్లో అనే రాశారు. "ఎలుకల్లో" అన్న ఒక్క మాటను నాలాంటోళ్ళు మింగేశాం.

ఇంకో హెచ్చరిక. వాక్కాయ, కలివి గన్నేరు కుటుంబానికి చెందినవి. పాలు కారడం చూస్తేనే తెలుస్తుంది. మాగిన పండు తినొచ్చు, ఎప్పట్నుంచో తింటున్నాం. వేరు సంగతి వేరు. అందులో గుండె మీద పనిచేసే పదార్థాలు ఉన్నాయి. వేరు కషాయం, బెరడు పొడి అంటూ వీడియోలు వస్తున్నాయి. దండం పెడతా, వాటి జోలికి పోవద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా కడుపు మండే విషయం. బేకరీలో కేకు మీద, బన్నులో, కిళ్ళీ మీద ఎర్రగా నిగనిగలాడే "చెర్రీ" ఉంటుంది చూడండి. చాలాచోట్ల అది చెర్రీ కాదు, వాక్కాయే. గులాబీ తిరిగిన కాయను గింజ తీసి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, రంగు కలిపి, చక్కెర పాకంలో రోజుల తరబడి ఊరబెడతారు. దానికి వాడే రంగుల్లో ఎరిత్రోసిన్ ఒకటి. మన దేశంలో పరిమితికి లోబడి వాడుకోవడానికి అనుమతి ఉంది. అమెరికాలో మాత్రం తిండిలో ఇక వాడకూడదని 2025 జనవరిలో ఆదేశమిచ్చి, కంపెనీలకు 2027 దాకా గడువు పెట్టారు. మీకు అనుమానముంటే బేకరీ చెర్రీని నీళ్ళలో నలిపి వంటసోడా వేసి చూడండి. పైన చెప్పిన పండు రసం మాదిరిగా నీలం తిరగదు, ఆ ఎరుపు అట్లాగే నవ్వుతా ఉంటుంది.

ఆలోచించండి. దేవుడిచ్చిన రంగు రాకముందే కోసి, ఉన్న పులుపూ విటమినూ ఉప్పునీళ్ళలో కడిగేసి, చక్కెర ఎక్కించి, పరాయి పండు పేరు పెట్టి అమ్ముతున్నాం. అదే ఊళ్ళో సూపర్ మార్కెట్‌లో బ్లూబెర్రీ చిన్న డబ్బా మూడు వందలు పెట్టి కొంటున్నాం, యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయని. మొన్న కడపలో మా తమ్ముడి కోడలు పిల్లోడికి ఆ డబ్బా కొనిచ్చింది. నేను జేబులోంచి నాలుగు కలివి పండ్లు తీసి ఇస్తే, "కడిగారా మామా?" అని అడిగింది. కడగలేదు లెండి, ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు.

ఈ చెర్రీ వ్యాపారం వల్ల ఇంకో నష్టం జరిగింది, అది రైతులు గమనించాలి. పంత్ నగర్ విశ్వవిద్యాలయం వాళ్ళు విడుదల చేసిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ రకాలు పేరున్నవే, కాపు బాగుంటుంది. అవి తెలుపు మీద గులాబీ చాయ ఉండే కాయలు. పాకానికీ పచ్చడికీ బాగుంటాయి. కానీ ఊదా నలుపు కోసం పెంచుకునేవాళ్ళకు అవి సరిపోవు. మీకు పండుగా తినడానికి కావాలంటే బాగా నల్లబడే రకం చూసుకోవాలి. కొంకణ్ బోల్డ్ అట్లాంటిదే. నన్నడిగితే మీ ఊరి గుట్ట మీద ఏ పొద పండు తియ్యగా, నల్లగా ఉందో పశువుల కాపరిని అడగండి. నర్సరీ వాడికన్నా ఆయనకే బాగా తెలుసు.

ఇక్కడ ఒక చిక్కుంది, దాచను. పప్పులో వేసుకునే పచ్చి కాయలో పులుపుంది, విటమిన్ సి ఉంది, ఊదా రంగు లేదు. ఊదా వచ్చిన పండు కోస్తే రెండు మూడు రోజులు కూడా నిలవదు, మెత్తబడి నీరు కారుతుంది. అంటే మనం గొప్పగా చెప్పుకునే యాంటీఆక్సిడెంట్ పండు హైదరాబాద్ లారీ ఎక్కలేదు. అది మన ఊళ్ళోనే, చుట్టుపక్కల పదిమైళ్ళలోనే తినాల్సిన పండు. నాకైతే ఇది లోపంగా అనిపించదు. మన బడి పిల్లలు, కూలికొచ్చే ఆడోళ్ళు, బస్టాండులో గ్లాసుతో కొలిచి అమ్మే అవ్వ దగ్గర కొనుక్కునేవాళ్ళు, వాళ్ళ నోట్లోకి పోతుంది. పోషకాహారం కావాల్సింది కూడా వాళ్ళకే.

మా కంచె లెక్క చెప్పమని అడిగారు. 96 చెట్లున్నాయి, మూడడుగుల దూరంలో నాటాను. గింజతోనే పెంచాను. గుర్తుపెట్టుకోండి, వాక్కాయ గింజ దాచిపెడితే మొలక శక్తి త్వరగా పోతుంది. పండు తిన్న వారంలోపలే పోసెయ్యాలి. ఏడాది పెరిగిన మొక్కను వానల్లో నాటాను. మొదటి రెండేళ్ళు ఎండాకాలంలో కుండతో నీళ్ళు పోశాను, నెలకోసారి జీవామృతం. ఆ తర్వాత దాని బతుకు అదే బతుకుతోంది. మూడో ఏడు కాపు మొదలైంది. పోయినేడు కాస్త అటూ ఇటూగా మూడు క్వింటాళ్ళు దిగింది. మేకలు లేత చివుర్లు కొరుకుతాయి గానీ లోపలికి దూరలేవు. అడవి పందుల్ని పూర్తిగా ఆపుతుందా అంటే, ఆపదు. సందు దొరికిన చోట దూరతాయి. గట్టిగా అల్లుకోవడానికి ఐదేళ్ళు పడుతుందని నా అంచనా. కోతకు చేతులకు పాతగుడ్డ చుట్టుకోండి, ముల్లు దిగితే మూడు రోజులు సలుపుతుంది.

ఎవరైనా అడవిలోంచి కలివి పండ్లు టన్నుల లెక్కన తెప్పిస్తాననీ, బ్రాండు పెడదామనీ అంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ పిట్టలున్నాయి, నక్కలున్నాయి, కలివికోడి తిరిగిన నేలలున్నాయి. సూపర్ ఫుడ్ అని పేరు పడితే పొదలే నరికి కాయ దులిపే రోజులొస్తాయి. తినాలంటే గుట్ట మీద గుప్పెడు, అమ్మాలంటే గెనెం మీద పెంచి.

"మందని చెప్పకపోతే ఎవరు కొంటారన్నా?" అని మా ఊరి కుర్రాడే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వాడు చిన్న సీసాల్లో వాక్కాయ రసం కట్టి, మీద "షుగర్, గుండె జబ్బు, క్యాన్సర్" అని మూడు మాటలు అచ్చేయించాడు. వాడికి నేను రెండు చట్టాలు చూపించాను. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం షుగర్ లాంటి జబ్బుల్ని నయం చేస్తుందని ప్రకటన ఇవ్వడమే నేరం. 2006 ఆహార భద్రత చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా ఉంది. వాడు భయపడ్డాడు. భయం కోసం కాదురా, ఆ సీసా కొన్నవాడు మాత్ర మానేస్తే ఎట్లా అని మార్కాపురం పెద్దాయన కథ చెప్పాను. అప్పుడు అర్థమైంది వాడికి.

నేను పోయినేడు ఆదివారం సంతలో ఏం చేశానో చెప్తా. మందు మాట ఎత్తకుండా అట్ట మీద "వాక్కాయలు, మందులు కొట్టని కంచెవి, పప్పుకు పావుకిలో చాలు" అని రాశాను. పక్కన మా ఇంటావిడ వాక్కాయ పప్పు చిన్న గిన్నెలో పెట్టి రుచి చూపించింది. కాయను నిలువునా చీల్చి గింజ తీసి, పాలు పోయేటట్టు కడిగి, కందిపప్పు ఉడికినాక వేసి రెండు పొంగులు రానిస్తే చాలు. ఎక్కువ ఉడికిస్తే విటమిన్ పోతుంది, ముక్కా చితికిపోతుంది. ఉడికించిన నీళ్ళు పారబొయ్యొద్దు. మొదటి వారం ఎనిమిది కిలోలు పోయింది, నాలుగో వారానికి తెచ్చిన 25 కిలోలూ పదకొండు గంటలకే అయిపోయాయి. "షుగర్‌కు మంచిదంట కదా" అని ముగ్గురు అడిగారు. "చింతపండు బదులు వేసుకుని మాత్రలు మీ డాక్టర్ చెప్పినట్టే వేసుకోండి" అన్నా. ముగ్గురిలో ఇద్దరు కొన్నారు. ఒకాయన పెదవి విరిచి వెళ్ళిపోయాడు. పోనీ.

పాత వీడియో తీసేసినాక చానల్‌కు వచ్చే ఆదాయం తగ్గిన మాట నిజం. మా అబ్బాయి ఇంకా గొణుగుతానే ఉన్నాడు, "నాయనా, పేరు మార్చి పెట్టుంటే పోయేది" అని. కొత్త వీడియోకు వాణ్ణే పేరు పెట్టమన్నా. "వాక్కాయ కంచె, ఐదేళ్ళ లెక్క" అని పెట్టాడు. ఇప్పటికి చూసినోళ్ళు పాతదాంట్లో పదోవంతు కూడా లేరు.

నెల కిందట మార్కాపురం నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి కొడుకు కాదు, ఆ పెద్దాయనే. గుండె గుభేలుమంది. "ఏం లేదు నాయనా, మా చేని చుట్టూ కంచెకు మొక్కలు కావాల, ఎన్ని ఇస్తావు?" అన్నాడు. షుగర్ ఎట్లుందని అడిగా. మాత్రలు వేసుకుంటున్నాననీ, పోయిన నెల చూపిస్తే పర్వాలేదన్నారనీ చెప్పాడు. అరవై మొక్కలు కట్టి బస్సుకేశాను. డబ్బులు వద్దంటే వినలేదు. ఫోన్ పెట్టబోతూ అడిగాడు, "పప్పులోకి అర్ధశేరుకు ఎన్ని కాయలు వెయ్యమంటావు?" పదిహేను చాలు, మరీ పుల్లగా తింటే ఇరవై అని చెప్పాను.